వెల యడిగితిమి, మేత యడుగలేదు

మేము 150 లీటర్ల గాజుతొట్టిలో ఉప్పునీరు నింపి, పగడములుంచి, 2 మాసములైనను నిండకమునుపే మాండరిన్ చేపను కొనితెచ్చితిమి. వచ్చినవారెల్ల మెచ్చవలెనని మా కోరిక. ఫిలిప్పీన్ దీవుల పగడపుదిబ్బలలో నుండు నీ చేప మేనినిండ నీలి, నారింజ గీతలే. వేసిన పొడిమేతను అది కన్నెత్తియైనను చూడలేదు. రాళ్లసందులలోని కోపిపాడ్లనెడు చిన్నజీవులను పగలెల్ల ఏరుకొని తినుట దాని స్వభావము. మా క్రొత్తతొట్టిలో నవి కొలదిదినములకే తరిగిపోయెను. నీరు నిర్మలము, దీపములు దేదీప్యమానములు. అతిథికి మాత్రము ఉపవాసము! పొట్ట లోనికిపోయి, 3వ వారమున అది చచ్చెను. దానిని రోగము చంపలేదు. మా డంబము చంపినది.

చదువరులారా! ప్రాణిని తెచ్చుటకు ముందు వెల నడుగుటకన్న మేత నడుగుడు. తొట్టి పాతబడి, ఆ జీవులు వృద్ధిపొందుదాక నెలలకొలది వేచియుండ లేనివారు ఆ చేపను సముద్రముననే యుండనిచ్చుట మేలు.