పిలిచిందెవరు?

1968 ఆగస్టులో నేను బి.ఎ. రెండో సంవత్సరం విద్యార్థిని. ప్రేగ్ వీధుల్లోకి వార్సా కూటమి టాంకులు వచ్చాయన్న వార్త పత్రికలో చదివిన సాయంత్రం, కాలేజీ ఎదుటి టీకొట్టు దగ్గర మా చరిత్ర మేష్టారు కనిపించారు.

"సోదర సహాయం కోరారు, వెళ్ళారు. ఇందులో తప్పేముందండీ?" అన్నాను.

"కోరిందెవరోయ్? ఒక్క పేరు చెప్పు" అన్నారు.

నాకు తెలియదు. మాస్కో ప్రకటనలోనూ పేర్లు లేవు. చెకొస్లొవేకియా పార్టీ, ప్రభుత్వ నాయకులు కోరారని మాత్రం ఉంది. జవాబు లేనివాడికి గొంతు పెద్దది గదా! 1956 నాటి హంగరీని తెచ్చాను, పశ్చిమ జర్మనీని తెచ్చాను, వియత్నాంలో అమెరికా చేస్తున్నదేమిటని ఎదురు ప్రశ్న వేశాను. ఆయన నవ్వి, "సైగాన్ ప్రభుత్వం పిలిస్తేనే వచ్చామని అమెరికావాడూ అంటున్నాడు. మొన్న మీటింగులో ఆ మాటకు పగలబడి నవ్వింది నువ్వే" అన్నారు.

ఆ ఉక్రోషంతో హాస్టల్ గోడపత్రికలో వ్యాసం రాశాను. పేరెత్తకుండా ఆయనను పెటీ బూర్జువా మేధావి అన్నాను. మేష్టారు నిలబడి మొత్తం చదివి, పెన్సిలు తీసి రెండు అక్షర దోషాలు దిద్ది వెళ్ళిపోయారు.

ఆ దేశంలో ఆ ఏడు జరిగింది నేను రాసినట్టు ప్రతీఘాత విప్లవం కాదు. జనవరిలో డూబ్చెక్ పార్టీ నాయకత్వానికి వచ్చాడు. ఏప్రిల్‌లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది పార్టీయే. జూన్‌లో సెన్సారు రద్దయింది. కూటమి నుంచి వైదొలగుతామని వారు అనలేదు. ఇవన్నీ తరవాత చదివి తెలుసుకున్నాను. నన్ను నిద్రపోనివ్వనిది మరొకటి. ఆగస్టు 22న, నగరమంతా పరాయి సైన్యం చేతిలో ఉండగా, వెయ్యిమందికి పైగా పార్టీ ప్రతినిధులు వైసొచానీ పేటలోని ఒక ఫ్యాక్టరీలో, కార్మికుల అండతో రహస్యంగా మహాసభ జరుపుకున్నారు. కమ్యూనిస్టు పార్టీ మహాసభ కమ్యూనిస్టు దేశాల సైన్యాల కంటపడకుండా కర్మాగారంలో తలదాచుకోవడం! కార్మికవర్గం ఎటున్నదో చెప్పడానికి ఇంతకన్న సాక్ష్యం నాకక్కరలేదు.

ఆ మహాసభ చెల్లదన్న షరతు పెట్టి మాస్కోలో ఒప్పందం మీద సంతకాలు తీసుకున్నారు. అక్కడికి తీసుకుపోయిన నాయకుల్లో సంతకం చేయనన్నవాడు ఒక్కడే, ఫ్రాంటిషెక్ క్రీగెల్. స్పెయిన్‌లో ఫ్రాంకోతో పోరాడిన అంతర్జాతీయ దళాలకు వైద్యం చేసిన డాక్టరు. ఆపైన, మన కోట్నిస్ వెళ్ళిన చైనాకే వైద్యానికి వెళ్ళినవాడు. అలాంటి మనిషిని విప్లవద్రోహి అనగల సాహసం గోడపత్రిక రచయితకే ఉంటుంది.

భద్రతా మండలిలో ఖండన తీర్మానం వచ్చినప్పుడు మన దేశం తటస్థంగా ఊరుకుంది. అశోక్ మెహతా కేంద్ర మంత్రివర్గం నుంచి తప్పుకున్నాడు. అప్పుడు నేను మెచ్చుకున్నది తటస్థతనే.

1989 డిసెంబరులో, దండెత్తిన దేశాలే అది తప్పని ఒప్పుకున్నాయి. మేష్టారి ప్రశ్నకు జవాబు మాత్రం 1992లో వచ్చింది. పిలుపు ఉత్తరాన్ని రష్యా బయటపెట్టింది. రష్యన్ భాషలో ఉంది. పరమ రహస్యంగా ఉంచమన్న ప్రార్థనా అందులోనే ఉంది. కింద అయిదు సంతకాలు: బీల్యాక్, ఇంద్రా, కోల్డర్, కాపెక్, ష్వెస్ట్కా. ఒక దేశం మొత్తం తరఫున అయిదుగురు!

అప్పటికి మేష్టారు లేరు. ఆ పేర్లు ఒక కాగితం మీద రాసుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరి పేరు సరిగా రాశానో లేదో, దిద్దేవారు లేరు.