షుఐబా పనివాళ్ల ఇమారా అమ్మకానికి

షుఐబాలో పగలూ రాత్రీ మనుషులుంటారు గానీ కాపురాలుండవు. కువైట్ నగరం నుంచి దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్లు వెళితే సముద్రం పక్కన రేవు, ట్యాంకులు, పొగగొట్టాలు, మైళ్ల పొడవునా పైపులు. ఒకప్పుడిది ఒడ్డున ఉన్న చిన్న పల్లె. 1960లలో ప్రభుత్వం దీన్ని పారిశ్రామిక ప్రాంతం చేసింది. ఇక్కడి రిఫైనరీ 1968 నుంచి దాదాపు యాభై ఏళ్లు నడిచి 2017లో మూతపడింది. పెట్రోకెమికల్, విద్యుత్తు ప్లాంట్లు మాత్రం ఆగలేదు.

షిఫ్టు దిగినవాళ్లను ఎక్కించుకుని కంపెనీ బస్సులు ఉత్తరానికి మళ్లుతాయి. ఫహాహీల్, మంగాఫ్, అబూ హలీఫా, మహబూలా. మన రాజంపేట, రాయచోటి, కోనసీమ మనుషులు రాత్రి నడుం వాల్చేది ఈ ఊళ్లలోనే. సొంత ఇళ్లున్న కువైటీ కుటుంబాల పేటల్లో బ్యాచిలర్లకు ఇల్లు అద్దెకివ్వకూడదని 1992లోనే చట్టం చేశారు. అందుకే కుటుంబం లేకుండా వచ్చినవాళ్లంతా అద్దె మేడలున్న ఈ వీధులకే చేరతారు.

నేను వెళ్లిన ఇమారా, అంటే అద్దె మేడ, మహబూలాలో ఉంది. గేటు మీద అరబిక్‌లో అమ్మకం బోర్డు, కింద ఫోను నంబరు. లోపల మెట్ల దగ్గర కరెంటు మీటర్ల పెట్టె. ఒక్కో మీటరు మీద ఫ్లాటు వాళ్లే కాగితం అంటించుకున్నారు: ఒకటి అరబిక్‌లో, ఒకటి మలయాళంలో, మరొకటి బెంగాలీలో. మూడో అంతస్తు మీటరుకు తెలుగులో రాసిన పేరు చూసి ప్రాణం లేచొచ్చింది. మెట్లెక్కుతుంటే ఒక తలుపు దగ్గర ఈజిప్టువాళ్ల వేయించిన వెల్లుల్లి వాసన, ఇంకో తలుపు దగ్గర ఎండుచేపల పులుసు. గుమ్మాల ముందు పనిబూట్లు జతలు జతలుగా ఉన్నాయి. రెండో అంతస్తులో మాత్రం చిన్నపిల్లల చెప్పులు.

మూడో అంతస్తులో రెండు పడగ్గదుల ఫ్లాటు. హాల్లోనూ మంచాలే. మంచానికింత అని లెక్కేసి అందరూ అద్దె పంచుకుంటారు. ఇంటి కరారు ఒక్కరి పేరు మీదే ఉంది. ఆయనది పుల్లంపేట దగ్గర పల్లె. ఆ గదిలో అందరికన్నా పెద్ద.

“కొనేటోళ్లు వచ్చి చూసి పోతాండారన్నా. ఎన్ని ఫ్లాట్లు, నెలకు ఎంతొస్తాది, ఇవే అడుగుతారు. మేం యాడికి పోవాల్నో అడిగేటోడు లేడు,” అన్నాడు.

మేడ అమ్మేటప్పుడు ధర కట్టేది వచ్చే అద్దెను బట్టే. ఆ అద్దె కట్టే మనుషులు ఆ లెక్కలో నెల నెలా వచ్చే దీనార్లు మాత్రమే. ఎన్నేళ్లు పనిచేసినా మనవాళ్లు ఇక్కడ ఇల్లు కొనుక్కునే వీలు దాదాపు లేదు. కువైట్ పౌరులు కానివాళ్లకు స్థిరాస్తి హక్కును చట్టం బాగా బిగించింది. ఈ పెద్దాయన కట్టుకున్న ఇల్లు పుల్లంపేటలో ఉంది, అందులో ఆయన పడుకున్న రాత్రులు చాలా తక్కువ.

1978 నాటి అద్దెల చట్టం కింద ఐదేళ్లు నిండకుండా యజమాని అద్దె పెంచకూడదు. కానీ ఆ రక్షణ కరారులో పేరున్నవాడికి. హాల్లో మంచం వేసుకున్న కుర్రాడి పేరు ఏ కాగితంలోనూ లేదు.

అద్దె కన్నా ముందు చూడాల్సింది మరొకటి ఉంది. 2024 జూన్ 12 తెల్లవారుజామున పక్కనే ఉన్న మంగాఫ్‌లో పనివాళ్లు ఉంటున్న మేడకు నిప్పంటుకుంది. చనిపోయిన భారతీయుల్లో 45 మంది మృతదేహాలను వాయుసేన విమానం కొచ్చికి తెచ్చింది. వాళ్లలో ఆంధ్రులూ ఉన్నారు. చాలామందిని చంపింది పొగే. గదుల మధ్య అడ్డుగా పెట్టినవి త్వరగా అంటుకునే రకమనీ, డాబా తలుపుకు తాళం ఉండటంతో పైకి పరుగెత్తినవాళ్లు బయటపడలేకపోయారనీ అగ్నిమాపక అధికారులు చెప్పారు. ఆ వార్తలు చదివిన రోజు నుంచి ఏ మేడకు వెళ్లినా నా కాళ్లు ముందు డాబా వైపే పోతాయి.

ఇక్కడా పైకెక్కాను. తలుపు తీసే ఉంది. నీళ్ల ట్యాంకులు, డిష్‌లు, ఆరేసిన నీలం యూనిఫారాలు. దక్షిణాన దూరంగా షుఐబా వైపు పొగ. కింది అంతస్తులో మాత్రం ఒక హాలును ప్లైవుడ్‌తో మూడు గదులు చేశారు. అందులో ఉన్నవాళ్లు బయటికి రావాలంటే ఒకే సందు, ఆ సందులోనే గ్యాస్ సిలిండరు. కొనడానికి వచ్చినవాళ్లలో ఒక్కరైనా ఆ సందులో ఆగి చూశారా అని మేడను చూసుకునే కాపలాదారు హారిస్‌ను అడిగాను. లేదన్నాడు. ఆ ప్లైవుడ్ పీకించే బాధ్యత అమ్మేవాడిదా, కొనేవాడిదా అన్న పేచీ లేకుండా, బేరం కుదరకముందే పీకించాలి. ఆ సిలిండరును ఆ రోజే బయటికి మార్పించమని హారిస్‌ను బతిమాలాను.

రాత్రి అన్నాలయ్యాక పెద్దాయన మంచం కింది సూట్‌కేసు లాగి కరారు కాగితం, అద్దె రసీదులు బయటికి తీశాడు. యజమాని మారితే ముందు పనికొచ్చేవి అవే. నెలల వారీగా పేర్చాం. రెండు నెలలవి కనపడలేదు. ఇక్కడి గుర్తింపు కార్డు సివిల్ ఐడీలో పాత అడ్రసే ఉన్నవాళ్లు ఎవరెవరో కుర్రాళ్లు చేతులెత్తి చెప్పారు. అడ్రసు మార్పించాలని పెద్దాయన ఒక కాగితం మీద వాళ్ల పేర్లు రాసుకుని, రేపు డ్యూటీ దిగగానే హారిస్ దగ్గరికి పోయి ఆ రెండు రసీదులూ రాయించుకొస్తానన్నాడు.