పంచనదపు చప్పట్లు



మన యాడుబిడ్డలు చదువు నిమిత్తము దూరప్రాంతములకు పోవుట యిప్పుడు వింత గాదు. పోయిన పిల్ల యేమి తినుచున్నది, ఎట్లు చదువుచున్నది అని విచారింతుము గాని, సాయంకాలము ఎవరితో నవ్వుచున్నది అని యడుగువారు తక్కువ. నా చెల్లెలి విషయమున ఆ ప్రశ్నయే మా యింట పెద్ద తగవునకు కారణమైనది.

మా తల్లి పోవునాటికి దానికి తొమ్మిదేండ్లు. అప్పటినుండి జడ వేసినదానను నేను. అమరము చెప్పినవారు నాన్నగారు. రసాయనశాస్త్రమున పట్టము పుచ్చుకొని, పై చదువునకు చండీగఢ్‌లోని పంజాబు విశ్వవిద్యాలయమున చేరినది. మొదటి రెండు మాసములు ఫోనులో దాని మాటకంటె నిట్టూర్పే యెక్కువగా వినవచ్చెడిది. భాష రాదు, గోధుమరొట్టె అలవాటు లేదు, తోటివారు నవ్వినపుడు దేనికి నవ్విరో తెలియదు. మూడవ మాసమున గొంతు మారినది. "అక్కయ్యా! నన్ను గిద్ధా జట్టులో చేర్చుకొన్నారు" అనినది.

ఈ వార్త పెదనాన్నగారి చెవిని పడినది. "మన యింటి పిల్లను అంత దూరము పంపినది వేదిక యెక్కి యెగురుటకా? ఈ యేటితో చదువు చాలించి రమ్మనుము. సంబంధములు చూతము" అని వారు నాన్నగారితో గట్టిగా చెప్పిరి. నాన్నగారు నెమ్మది మనిషి. అన్నగారి మాట కెదురాడి యెరుగరు. "దసరా సెలవులలో నీవు పోయి చూచి రమ్ము. నీవు చెప్పినట్లు చేసెదను" అని నాకు కబురంపిరి. దాని చదువు సాగుటయు ఆగుటయు నా మాటపై పడినది. మా వారికి బడి సెలవులు కాగానే యిద్దరమును రైలెక్కితిమి.

గిద్ధా యనగా నేమో మనలో చాలమందికి తెలియకపోవచ్చును. పంచనదమున భాంగ్రా మగవారి యాటగా పుట్టినది. నేడు ఆడపిల్లలును ఆడుచున్నారు. గిద్ధా మాత్రము మొదటినుండియు స్త్రీలదే. శ్రావణమాసమున పుట్టింటికి వచ్చిన యాడపడుచులు చెట్లకు ఉయ్యాలలు కట్టుకొని, తీయా యను పండుగలో ఆడుకొందురు, పెండ్లిండ్లలోను ఆడుదురు. పూర్వము మగవారి కంట పడకుండ ఆడుకొన్న యాట. అందరును వలయముగా నిలిచి చప్పట్లు చరచుచుందురు. ఒకతె బోలీ యను చిన్న పాట నెత్తుకొనును. చివరి మాటలను తక్కినవా రందుకొని చప్పట్లు త్వరితము చేయగా, ఇద్దరు నడుమకు వచ్చి యాడి, మరల వలయములో కలియుదురు. అంతలో మరియొకతె బోలీ యెత్తుకొనును. ఢోలకి యొకటి చాలును. అదియు లేనిచో కుండ. బోలీలలో నేమి యుండునందురా? అత్త గయ్యాళితనము, ఆడబిడ్డ సాధింపు, పరదేశమున కొలువులో నున్న మగడు, కొనిపెట్టని నగ. మన దంపుళ్ళ పాటలలో లేని దొక్కటియు లేదు.

చెల్లెలు ఆ బోలీలను తెలుగు లిపిలో వ్రాసికొనియున్నది. పుస్తకము తెరచి చూచితిని. అక్షరముల నెత్తిన కొన్ని బాణపు గుర్తులు. ఇవి యేమని యడిగితిని. పంజాబీలో పదము మొదట ఘ, ఝ, ధ, భలు వ్రాయుదురు గాని ఒత్తి పలుకరట. 'ఘర్' అని వ్రాసి, గొంతు దించి 'కర్' వలె పలుకుదురు. భాంగ్రాయు వారి నోట 'పాంగ్రా' వలెనే వినబడును. మహాప్రాణము పోయి దాని చోట స్వరము నిలిచినది. చెల్లెలు మన యలవాటున నాభినుండి ఒత్తి పలుకగా జట్టులోని పిల్లలు కడుపుబ్బ నవ్విరట. ఉదాత్తానుదాత్తములను గూర్చి పుస్తకములలో చదివినదానను గాని, కూరగాయల బేరములో స్వరభేదము వినుట నాకదే మొదలు!

మూడు సాయంకాలములు అభ్యాసము చూచితిని. మెడనుండి మడమల వరకు కప్పిన దుస్తులు, పైన ఫుల్కారీ కుట్టుపని గల ఓణి. పెదనాన్నగారికి వ్రాయుటకు ఇది ముఖ్యమని గుర్తుంచుకొంటిని. అంతకంటె ముఖ్యమైనది వ్రాయుటకు మాటలు దొరకలేదు: చప్పట్లలో దాని చేతులు తక్కిన చేతులతో నొక్కటిగా పడుచుండెను.

మూడవనాడు విశ్రాంతివేళ, లుధియానా వైపు రైతుబిడ్డ యొకతె "నీ యూరి బోలీ ఒకటి పాడుము" అని దాని నడిగినది. చెల్లెలు కొంత తడవు ఆలోచించి, ఆముక్తమాల్యదనుండి యొక పద్యము చదివినది. వారు మర్యాదగా వినిరి గాని, చప్పట్లు ఎక్కడ కొట్టవలెనో ఎవరికిని తెలియలేదు. అది నా వంక చూచినది. మా యిద్దరికిని పద్యములు వందలు వచ్చును. రోకటిపాట ఒక్కటియు తుదముట్ట రాదు.

పెదనాన్నగారు సంస్కృతాంధ్రములలో పండితులు. తిరిగి వచ్చిన పిదప వారికి జాయపసేనాని పేరుతోనే ఉత్తర మారంభించితిని. కాకతీయ గణపతిదేవుని గజసేనాధిపతి వ్రాసిన నృత్తరత్నావళిలో ఎనిమిది అధ్యాయములు; మొదటి నాలుగు మార్గమునకు, తక్కిన నాలుగు దేశికి. యుద్ధములు చేసిన వాడు జనుల యాటలకు సగము గ్రంథ మిచ్చెను. మన పిల్ల కొక సాయంకాల మీయలేమా యని యడిగితిని. భాంగ్రా సంగతియు వ్రాసితిని. సియాల్‌కోట్, గుజ్రాన్‌వాలా పల్లెలలో పంటవేళ నాడిన ఆ యాటకు 1947 విభజనలో పుట్టినచోటు సరిహద్దు కావల పడినది. 1950ల తొలినాళ్ళలో పెప్సూ రాష్ట్రమున మనోహర్ దీపక్ సోదరులు, ఢోలు వాయించు భానా రామ్ మున్నగువారు అడుగు లడుగులుగా కూర్చి వేదిక కెక్కించిరి. 1957 నాటి 'నయా దౌర్' చిత్రమున ఆడినది దీపక్‌గారి జట్టే. ఆ విశ్వవిద్యాలయము సయితము 1882లో లాహోరున పుట్టి, విభజన తరువాత ఇవతలికి వచ్చినదే. ఇల్లు విడిచివచ్చినవా రెందరో ఉన్న చోట, ఇల్లు విడిచిపోయిన మన పిల్లకును వలయములో చోటు దొరకినది. దానిని లాగివేయుట నా చేత గాదు, అని ముగించితిని. నాన్నగారితోను అదే చెప్పితిని.

పెదనాన్నగారు ప్రత్యుత్తర మీయలేదు. సంబంధముల మాటయు ఎత్తలేదు.

సంక్రాంతికి చెల్లెలు వచ్చినది. వంటయింట పెద్దమ్మ అరిసెలు వత్తుచు, "ఏమే, ఆ చప్పట్ల పాటలలో నేమున్నది?" అని యడిగెను. అది అత్తపై బోలీ యొకటి పాడి యర్థము చెప్పినది. పెద్దమ్మ పిండిచేతులతోనే నోరు మూసికొని నవ్వెను. పిమ్మట, మే మెన్నడును విననిది, కోడలు అత్తపై పాడుకొను పాట యొకటి సన్నగా అందుకొనెను. రెండు చరణములు పాడి ఆగెను. వసారాలో పత్రిక మడచిన చప్పుడైనది.

"మా అమ్మ పాడునపుడు మధ్యలో మరియొక చరణ ముండెడిది" అని పెదనాన్నగారి గొంతు వినవచ్చెను.

చెల్లెలు పుస్తకము కొరకు పరుగెత్తినది. పొయ్యిమీది అరిసె మాడిపోయినది.