అన్నం తిన్నాక వేసుకునే మాత్ర

కాన్సరు మందు అనగానే మీకు సెలైను సీసా, ఆసుపత్రి మంచం, రాలిపోయే జుట్టు గుర్తుకొస్తాయి. కాని కొన్ని రకాల కాన్సర్లకు ఇప్పుడు రోజూ ఇంట్లోనే మాత్ర వేసుకుంటే చాలు. చూడటానికి బి.పి. మాత్రలాగే వుంటుంది. చిక్కంతా అక్కడే వుంది. ఆసుపత్రిలో వేళకి మందిచ్చే నర్సు వుంటుంది. ఇంట్లో ఎవరుంటారు?

మా అక్కయ్య సంగతి చెబుతాను. మూడేళ్ళ క్రితం కంటి శుక్లం ఆపరేషనుకు ముందు రక్తపరీక్ష చేస్తే తెల్లకణాలు లక్ష దాటివున్నాయి. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అని తేలింది. ఎముకల మూలుగలో ఒక కణంలోని 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారై అతుక్కోవటం వల్ల వచ్చే జబ్బు ఇది. ఆ అతుకు వల్ల పుట్టిన ఎంజైము కణాలను అదుపు లేకుండా పెరగనిస్తుంది. ఇమాటినిబ్ అనే మందు ఆ ఎంజైమును పట్టి ఆపుతుంది. 2001లో అమెరికాలో ఈ మందుకు అనుమతి వచ్చేదాకా ఈ జబ్బు పేరు చెబితే డాక్టర్లమే డీలాపడేవాళ్ళం.

అక్కయ్యకు స్పెషలిస్టు రోజుకు 400 మిల్లీగ్రాములు రాశారు. ఇంట్లో డాక్టర్ని నేనే కదా! "రాత్రి అన్నం తిన్నాక వేసుకో అక్కయ్యా" అని చెప్పి నా పని అయిపోయిందనుకున్నాను. కణాల లెక్క త్వరలోనే మామూలుకొచ్చింది. అయితే ఈ జబ్బులో ఆ లెక్క ఒక్కటే చాలదు. మూడేసి నెలలకొకసారి బి.సి.ఆర్.-ఎ.బి.ఎల్. అనే పరీక్ష కూడా చేయించాలి. ఏడాది తిరిగేసరికి, తగ్గుతూ వచ్చిన ఆ అంకె మళ్ళీ పెరిగింది. మందు పట్టు తప్పిందేమో, మార్చాలేమో అన్నారు స్పెషలిస్టు.

ఆ ఆదివారం వెళ్ళి మాత్రల డబ్బా బోర్లించి లెక్కపెట్టాను. నెలకు ఆరేసి చొప్పున మిగిలాయి.

"నేనెప్పుడు మానేశానురా? నువ్వు అన్నం తిన్నాక అన్నావు. శనివారాలు, ఏకాదశులు రాత్రి నేను అన్నం తినను కదా!" అంది.

ఆ రాత్రుళ్ళు ఆవిడ ఉప్మా తింటుంది. నేను చెప్పవలసింది "ఏదైనా తిన్నాక" అని. ముప్ఫయ్యేళ్ళుగా రోగులందరికీ అలాగే చెబుతున్నాను. ఎంతమంది అలా మాత్ర మానేశారో!

కనుక మీ డాక్టరు చెప్పిన మాట మీ ఇంటి అలవాట్లకు ఎలా పొసగుతుందో విప్పి అడగండి. ఇమాటినిబ్‌ను ఆహారంతో, పెద్ద గ్లాసుడు నీళ్ళతో వేసుకోవాలి, లేకపోతే కడుపులో వికారం. ఇదే జబ్బుకిచ్చే నిలోటినిబ్ క్యాప్సూళ్ళ సంగతి సరిగ్గా తలకిందులు: వేసుకునే ముందు రెండు గంటలు, తర్వాత గంట ఏమీ తినకూడదు. పక్కింటివాళ్ళ పద్ధతి మీకు పనికిరాదు.

ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండు కలిపి మింగకండి. కళ్ళకింద ఉబ్బు, పిక్కలు పట్టేయటం, విరేచనాలు ఈ మందుతో మామూలే. చెబితే డాక్టరు సర్దుతారు. మీరే మాత్ర తగ్గించుకోకండి. జ్వరం, ఆయాసం, పచ్చకామెర్లు, ఎక్కడైనా రక్తం కారటం, బరువు ఒక్కసారిగా పెరగటం కనిపిస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.

క్షయకిచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకిచ్చే ఫెనిటాయిన్ ఈ మందు బలాన్ని తగ్గిస్తాయి. కొన్ని యాంటీబయాటిక్కులు, పంపరపనస పండు పెంచుతాయి. మూలికల పొడులు కూడా అడక్కుండా వాడకండి. గర్భం వచ్చే వయసు స్త్రీలు ముందే డాక్టరుతో మాట్లాడాలి. మాత్రల్ని పొయ్యి పక్కన, చెమ్మ తగిలేచోట పెట్టకండి.

అక్కయ్యకు మందు మార్చలేదు. ఆర్నెల్లలో ఆ అంకె దిగింది. ఇప్పుడు మాత్ర వేసుకోగానే గోడమీది క్యాలెండరులో గీత పెడుతుంది. శనివారం గళ్ళలో మాత్రం ఎర్ర పెన్సిలుతో, నాకు కనపడాలని.