తంగూసు చుట్టడమూ ఓ విద్యే!

ధవళేశ్వరం అనగానే ముందు కాటన్ దొర గుర్తొస్తాడు. ఆ వెంటనే పులస గుర్తొస్తుంది. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేసిన ఆనకట్ట గోదావరి డెల్టాకి అన్నం పెట్టింది. దాని స్థానంలో 1982లో పూర్తయిన బ్యారేజీ ఇప్పుడు 175 గేట్లతో నీటిని నిలబెట్టి తూర్పు, మధ్య, పశ్చిమ కాలువలకు పంచుతోంది. ఎగువన చూస్తే సముద్రాన్ని తలపించే గోదారి. దిగువన గౌతమి, వసిష్ఠ పాయలు, మధ్యలో లంకలు. ఇన్ని నీళ్లున్నచోట చేపలు పట్టేవాళ్లకు కొదవేముంటుంది!

'పుస్తెలమ్మైనా పులస తినాలి' అనే ఈ సీమలో ఓ చిత్రమైన సంగతుంది. ఆ పులస గాలానికి దాదాపు చిక్కదు. వరదనీటికి ఎదురీదుతూ సముద్రం నుంచి వచ్చే ఆ చేప నీటిలోని సూక్ష్మజీవులను వడకట్టుకుని తింటుంది. ఎరను పట్టించుకోదు. అందుకే దానికి వల వేయాల్సిందే. గాలానికి పడేవి వాలుగ, జెల్ల, కొరమీను, బొచ్చె లాంటివి. వాటి కోసం గంటల తరబడి ఓపికపట్టి కూర్చునేవారికి ప్రాణం లాంటిది తంగూసు, అంటే నైలాన్ దారం. చేప పడ్డాక అది తెగుతుందా, నిలుస్తుందా అన్నది సగం ఒడ్డునే తేలిపోతుంది... దాన్ని చుట్టిన తీరులో!

మెలికతోనే తంటా

ఒకప్పుడు గాలాలకు నూలు, జనపనార తాళ్లే వాడేవారు. అవి నీటిలో నాని త్వరగా కుళ్లిపోయేవి. 1938లో అమెరికాకు చెందిన డ్యూపాంట్ కంపెనీ నైలాన్‌ను లోకానికి పరిచయం చేశాక ఆ బెడద తీరింది. కానీ కొత్త దారంతో కొత్త చిక్కు వచ్చింది. నైలాన్‌కు జ్ఞాపకశక్తి ఎక్కువ. ఎలా చుట్టి ఉంచితే ఆ వంపునే గుర్తుపెట్టుకుంటుంది. మెలికపడితే అంత సులువుగా వదలదు. గాలం విసరగానే ఉంగరాలు ఉంగరాలుగా లేచి చిక్కుపడుతుంది. ముడిపడినచోట బలం తగ్గి, పెద్ద చేప గుంజగానే పుటుక్కుమంటుంది.

మెలిక ఎలా పడుతుందంటారా? ఇంట్లో కుట్టుమిషన్ ఉంటే ఇట్టే తెలుస్తుంది. బాబిన్ తాను తిరుగుతూ దారాన్ని చుట్టుకుంటుంది కాబట్టి చుట్టడం వల్ల మెలిక పడదు. అదే బాబిన్‌ను కదలకుండా పట్టుకుని దాని చుట్టూ చేత్తో దారం తిప్పితే చుట్టుకో మెలిక! చేతిగాలం దారాన్ని కర్రముక్కకో, ప్లాస్టిక్ సీసాకో చుట్టేటప్పుడు కూడా ఇదే సూత్రం. చేతిని కాదు, సీసాను తిప్పాలి. కర్రముక్కకైతే '8' అంకె ఆకారంలో చుట్టడం ఇంకా మేలు. ఒకవైపు పడిన మెలికను రెండోవైపు చుట్టు విప్పేస్తుంది.

రీలు వచ్చాక...

రాడ్డు, రీలు వాడేవారికి ఇంకాస్త జాగ్రత్త అవసరం. రీళ్లలో రెండు రకాలు. మొదటిదాంట్లో దారపుచుట్ట తానే తిరుగుతుంది. దీనికి కొత్త తంగూసు ఎక్కించాలంటే కొత్త చుట్ట మధ్యలోని రంధ్రంలో పెన్సిల్ దూర్చి, రెండోమనిషిని పట్టుకోమంటే చాలు. సంక్రాంతికి గాలిపటం దారం ఎక్కించినట్టే అదీ ఇదీ తిరుగుతాయి.

రెండోది స్పిన్నింగ్ రీలు. ఇందులో చుట్ట తిరగదు. దాని చుట్టూ ఓ తీగకొక్కెం తిరుగుతూ దారాన్ని చుడుతుంది. అంటే మెలిక ఖాయమన్నమాట! దీనికి విరుగుడు ఉంది. కొత్త చుట్టను పెన్సిల్‌కు గుచ్చకుండా, లేబుల్ పైకి ఉండేలా నేలమీద పడుకోబెట్టాలి. అప్పుడు దారం పైఅంచు మీదుగా ఉంగరాలుగా లేస్తూ వస్తుంది. అది లేచే దిశ, కొక్కెం తిరిగే దిశ ఒకటైతే రెండు మెలికలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పది పదిహేను చుట్లు చుట్టాక ఆపి, దారాన్ని కాస్త వదులు చేసి చూడాలి. అది జడలా మెలితిరిగిపోతే చుట్టను బోర్లించాలి. అంతే!

చుట్టేటప్పుడు దారాన్ని తడిగుడ్డ మధ్య నుంచి లాగుతూ సమానమైన బిగువుతో పోనివ్వాలి. వట్టి చేతులతో లాగితే వేళ్లు కోసుకుపోతాయి. ఒంటరిగా చేసేవాళ్లు లావుపాటి పుస్తకం పేజీల మధ్య నుంచి దారాన్ని పోనిచ్చినా సరిపోతుంది. వదులుగా చుడితే చేప గుంజినప్పుడు పైచుట్టు కిందిచుట్లలోకి దిగబడి బిగుసుకుపోతుంది. రీలు అంచుకు రెండు మూడు మిల్లీమీటర్లు కిందికే ఆపేయాలి. నిండా నింపితే దారం తనంతట తానే జారిపోతుంది. మరీ తక్కువైతే అంచుకు రాసుకుంటూ గాలం దూరం పోదు. అల్లిన దారం వాడేవాళ్లు అడుగున కొన్ని చుట్లు మామూలు తంగూసు వేస్తే పైదారం రీలుమీద జారకుండా పట్టుంటుంది.

వరద రోజుల పని

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టులో ఏకంగా 35 లక్షల క్యూసెక్కుల వరద ఈ బ్యారేజీని దాటింది. అలాంటి గోదారితో పంతం పనికిరాదు. హెచ్చరిక వచ్చిందంటే పడవలూ గాలాలూ ఒడ్డునే ఉండాలి. వలలు బాగుచేసుకోవడానికీ, పాత తంగూసు తీసి కొత్తది ఎక్కించుకోవడానికీ అంతకంటే మంచి సమయం దొరకదు. ఎండ తగిలేకొద్దీ నైలాన్ పెళుసెక్కుతుంది. వేళ్లమధ్య లాగినప్పుడు గరుకు తగిలితే ఇక మార్చాల్సిందే.

తీసేసిన దారాన్ని మాత్రం గట్టుమీద పారేయకూడదు. నూలుదారంలా అది మట్టిలో కలిసిపోదు. ఏళ్ల తరబడి అలాగే ఉండి కొంగల కాళ్లకూ, తాబేళ్ల మెడలకూ ఉచ్చవుతుంది. చిన్నచిన్న ముక్కలుగా కత్తిరించి చెత్తబుట్టలో వేయడం రెండు నిమిషాల పని. కొత్త దారం చుట్టడానికి అరగంట పెట్టినవాళ్లకి అదో లెక్కా!