ఆ మెరుపంతా పైపూతదే

డాలస్ చుట్టుపక్కల ఇల్లు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు బాత్రూమ్‌లో తెల్లగా మెరిసే సింకు గట్టు చూసి "అబ్బ, మార్బులే!" అంటుంటారు. చాలా ఇళ్ళలో అది కల్చర్డ్ మార్బుల్. అంటే రాతిపొడిని పాలియెస్టర్ రెజిన్‌లో కలిపి అచ్చు పోసింది. మెరుపంతా పైనున్న జెల్‌కోట్‌ది. మందం అర మిల్లీమీటరు, అటూ ఇటూ.

అలాగని చవక సరుకని తీసిపారేయక్కర్లేదు. గట్టూ సింకూ ఒకే ముక్కగా వస్తాయి, అతుకుల్లో మురికి చేరే గొడవుండదు. అసలు పాలరాయికైతే నిమ్మరసం పడినా మచ్చే, సీలర్ కూడా పూస్తుండాలి. దీనికి ఆ బాధ లేదు.

కాపాడుకోవాల్సిందల్లా ఆ పూతనే. గరుకు పొడులతో తోమితే మెరుపు పోతుంది. నెయిల్ పాలిష్ తీసే అసిటోన్ ఒలికితే అప్పటికప్పుడే తుడిచేయాలి. కాలుతున్న కర్లింగ్ ఐరన్ పెట్టారా, మచ్చ ఖాయం. మరిగే నీళ్ళు గుమ్మరిస్తుంటే డ్రైన్ చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్ళు వస్తాయి. రోజూ అయితే గిన్నెల సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు. మెరుపు తగ్గితే ఫైబర్‌గ్లాస్ పడవలకు వాడే పాలిష్ పనికొస్తుంది, వాటి పైపూతా జెల్‌కోటే కాబట్టి. షవర్ నేలకు మాత్రం రాయకండి, జారిపడతారు.

ఇల్లు కొనేముందు డ్రైన్ చుట్టూ ఫోన్ లైటు వేసి చూడండి. పగులు లోపలిదాకా దిగితే పాలిష్‌తో పోదు, గట్టే మార్చాలి.

ఊర్నుంచి అమ్మావాళ్ళు వస్తున్నారా? ముందు స్టీలు పీచు దాచేయండి!