అలంకారమా? అందుబాటా?

కొత్త ఫ్లాట్ కొన్నవారు ఇంటీరియర్ డిజైనర్‌కు చెప్పే కోరికల చిట్టాలో మాడ్యులర్ కిచెన్, పూజ గదితో పాటు మరొకటి చేరింది. పుస్తకాల గోడ. నేల నుంచి సీలింగ్ దాకా అరలు, వాటి వెనుక పసుపు వెలుగు చిమ్మే ఎల్‌ఈడీ పట్టీలు, మెట్ల కింద ఒదిగిపోయే అలమర, చెట్టు కొమ్మల్లా గోడ మీద పాకే చెక్కలు. కొందరైతే రచయితను, విషయాన్ని పక్కనపెట్టి అట్టల రంగును బట్టి సర్దిస్తారు. ఫోటోలో అందంగానే ఉంటుంది. కావలసిన పుస్తకం మాత్రం దొరకదు.

నిజానికి పుస్తకాల ప్రదర్శన మనకు కొత్తేమీ కాదు. పాత ఇళ్లలో మందపాటి గోడల్లోనే గూళ్లుండేవి. భారతం, పెద్దబాలశిక్ష, పంచాంగం అక్కడ చేతికందేవి. మిగతావి ట్రంకు పెట్టెలోకో అటక మీదికో చేరేవి. దసరాకు సరస్వతీ పూజ రోజున పుస్తకాలను పీట మీద పేర్చి పసుపు కుంకుమలు అద్దడం ఇప్పటికీ ఉంది. ఇక కిళ్లీకొట్టు యజమాని వారపత్రికలను తాడుకు క్లిప్పులతో వేలాడదీసేవాడు. ముఖచిత్రం కనిపిస్తేనే చెయ్యి అటు వెళుతుందని అతనికి ఏ డిజైనరూ చెప్పలేదు.

ఇంటి గ్రంథాలయం అనగానే గుర్తొచ్చేది ముంబై దాదర్‌లోని రాజగృహ. 1930ల తొలినాళ్లలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ తన పుస్తకాలను దృష్టిలో పెట్టుకుని కట్టించుకున్న ఇల్లది. కింద కుటుంబం, పైన పుస్తకాలు. ఆయన సేకరణ 50 వేల దాకా ఉండేదని చెబుతారు. దాదాపు అదే కాలంలో, 1931లో, మద్రాసులో ఎస్.ఆర్. రంగనాథన్ గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు ప్రకటించారు. వాటిలో మొదటిది పుస్తకం వాడకం గురించే. తాళం వేసిన బీరువాలు కాదు, పాఠకుడు స్వయంగా వెళ్లి తీసుకునే అరలుండాలని ఆయన వాదించారు.

హైదరాబాద్ నల్లకుంటలో ఓ రిటైర్డ్ లెక్చరర్ ఇంట్లో ఇదే వాదన మళ్లీ జరిగింది. రెండు వేలకు పైగా ఉన్న తన పుస్తకాలకు ఆయన అద్దాల తలుపులు, తాళం కావాలన్నారు. దుమ్ము, చెదలు, తీసుకెళ్లి తిరిగివ్వని మిత్రులు ఆయన కారణాలు. ''తాళం చెవి మీ దగ్గరుంటే పిల్లలు చదివేదెప్పుడు మామయ్యగారూ?'' అని కోడలు అడిగింది. ఆయన దగ్గర జవాబు లేదు. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొన్నప్పుడల్లా మొదటి పేజీలో ఎవరెవరివో సంతకాలు ఆయన చూస్తూనే ఉన్నారు. కొన్న మనిషి పోయాక పుస్తకాలు ఎక్కడ తేలతాయో ఆయనకు తెలుసు.

చివరికి రాజీ కుదిరింది. అరుదైనవి పైన, అద్దాల వెనుక. కింది మూడు అరలకు తలుపుల్లేవు. హాల్లో ఓ సన్నని చెక్క మీద అట్టలు ముందుకు కనిపించేలా ఎనిమిది పుస్తకాలు. వారం వారం వాటిని మార్చే పని మనవరాలిది. వడ్రంగి తన వంతు షరతులు పెట్టాడు. చెమ్మ తగలకుండా అలమర గోడకు కాస్త ఎడంగా ఉండాలి. అర పొడవెక్కువైతే మధ్యలో ఆనిక ఉండాలి, లేకపోతే బరువుకు వంగిపోతుంది. పడమటి ఎండ పడితే అట్టలు వెలిసిపోతాయి.

అందరి పుస్తకాలూ ఫుట్‌పాత్‌కే చేరవు. తమిళనాడులోని కోట్టైయూర్‌లో సైన్‌బోర్డులు రాసే రోజా ముత్తయ్య ఇంటినిండా పోగేసిన పుస్తకాలు, 1992లో ఆయన మరణించాక, 1994లో చెన్నైలో పరిశోధన గ్రంథాలయంగా రూపుదిద్దుకున్నాయి. ఆయన బతికుండగానే పరిశోధకులు వాటిని వెతుక్కుంటూ ఆ ఊరికి వెళ్లేవారు. ఏ ఇంట్లోనైనా వారసులు వదులుకోలేనిది తాము ఒక్కసారైనా తెరిచి చదివిన పుస్తకాన్నే. అలమర చేయించేముందు ఎత్తు కొలవాల్సింది సీలింగ్‌ను చూసి కాదు, ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ల చెయ్యి ఎంతవరకు అందుతుందో చూసి.